ఫ్రేమ్ స్లైడర్ బోల్టు ఎంత బిగించాలి? మర పోగొట్టుకున్నాక నేర్చుకున్న లెక్క

బండి పక్కకు పడ్డప్పుడు ఇంజను, ఫ్రేము దెబ్బ తినకుండా రెండు పక్కలా బిగించే గుబ్బలే ఫ్రేమ్ స్లైడర్లు. వాటి డబ్బా విప్పితే రెండు నల్ల గుబ్బలు, రెండు పొడుగు బోల్టులు, నాలుగైదు వాషర్లు, ఒక స్టిక్కరు కనబడతాయి. ఎంత బిగించాలో చెప్పే కాగితం చాలా డబ్బాల్లో ఉండదు. ఉన్నా 'గట్టిగా బిగించండి' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. గట్టిగా అంటే ఎంత? మా వీధి కుర్రాడి గట్టి వేరు, రోజంతా లారీ చక్రాల నట్లు విప్పే మనిషి గట్టి వేరు. ఆ తేడా నేను డబ్బులు పోసి తెలుసుకున్నా.

నాలుగేళ్ల కిందట నెల్లూరులోనే ఒక షాపులో స్లైడర్లు వేయించుకున్నా. ఆ అబ్బాయి పనిమంతుడే, కాదనను. కానీ చివర్లో పానాకు మూరెడు ఇనుప పైపు తొడిగి ఒక్క ఊపు ఊపి, "ఇంక జన్మలో కదలదన్నా" అన్నాడు. పదిహేను రోజులకు కుడివైపు గుబ్బ చేత్తో పట్టుకుంటే ఆడుతోంది. బోల్టు విప్పుదామని చూస్తే అది విప్పకుండానే బయటికొచ్చింది, దాని చుట్టూ అల్యూమినియం మర, అంటే కన్నం లోపలి చుట్లు, మొత్తం సన్నటి స్ప్రింగులా చుట్టుకుని ఉంది. లేత్ షాపుకు తీసుకెళ్లి, కన్నం పెద్దది చేయించి, హెలీకాయిల్, అంటే పోయిన మర బదులు కూర్చోబెట్టే తీగ చుట్ట, వేయించేసరికి స్లైడర్ల ఖర్చు కన్నా అదే ఎక్కువైంది. ఇందులో ఆ అబ్బాయి తప్పు సగమే. "ఎంత బిగించాలి" అని అడగాల్సింది నేను, అడగలేదు.

అసలు బిగువు అంటే ఏంది

బోల్టును బిగించినప్పుడు అది ఒక గట్టి స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. సాగినది వెనక్కి రావాలని లాగుతుంది కాబట్టి మధ్యలో ఉన్నవి నొక్కుకుని ఉంటాయి. మనకు కావలసింది ఆ నొక్కుడు. పానా మీద మనం పెట్టే తిప్పుడు బలం, అంటే టార్కు, ఆ నొక్కుడు తెప్పించడానికి ఒక దారి మాత్రమే, అదీ చాలా వృథా ఉన్న దారి. మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికి పోతుంది, ఇంకో నలభై శాతం మరల రాపిడికి పోతుంది, బోల్టును సాగదీయడానికి మిగిలేది పది శాతం. రాపిడి కాస్త మారిందంటే మిగిలే ఆ పది శాతం ఎంత తలకిందులవుతుందో ఊహించుకోండి. ఇది బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పబోయేవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

స్లైడర్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. చాలా బండ్లకు స్లైడరును ఇంజన్ మౌంటు బోల్టు తీసేసి దాని స్థానంలోనే వేస్తారు. కంపెనీ బోల్టు తీసేసి పొడుగు బోల్టు దూర్చి, బయటికి వచ్చిన భాగానికి గుబ్బ తొడుగుతారు. అంటే ఆ బోల్టుకు రెండు పనులు. బండి పడ్డప్పుడు దెబ్బ కాయడం ఎప్పుడో జరిగేది. ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచడం రోజూ జరిగేది. అందరూ మొదటిదాని గురించి మాట్లాడతారు, నాకు మాత్రం రెండోదే టెన్షన్.

కాబట్టి బిగువు అంకె ఎంచుకోవడమంటే బోల్టును ఒక్కదాన్నే చూడడం కాదు. బోల్టు, అది దిగే మర, మధ్యలో నలిగే గుబ్బ లేదా స్పేసరు, అంటే ఖాళీ పూడ్చే గొట్టం, ఈ మూడింట్లో ఏది ముందు చేతులెత్తేస్తుందో వెతికి, దానికి తగ్గట్టు బిగించాలి. నా బండికి బోల్టు ఉక్కుది, మర అల్యూమినియంది. పోయింది మరే.

మొదటి మెట్టు: అంకె ఎక్కడ దొరుకుతుంది

బండితో ఇచ్చే చిన్న పుస్తకంలో ఇది సాధారణంగా ఉండదు. సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఇంజన్ మౌంటు లేదా ఫ్రేము అధ్యాయంలో ఒక పట్టిక, ప్రతి బోల్టుకు సైజు, టార్కు, కొన్నిటికి 'మరకు నూనె రాయాలి' లేదా 'లాకింగ్ జిగురు వేయాలి' అని పక్కన గుర్తు. లాకింగ్ జిగురంటే బోల్టు దానంతటది వదులు కాకుండా పట్టేది. ఆ గుర్తును కూడా రాసుకోండి, అంకె ఒక్కటే రాసుకుంటే సగం పనే. షోరూము సర్వీసు సెంటర్లో ఫోర్‌మన్‌ను మర్యాదగా అడిగితే కంప్యూటరులో చూసి చెబుతారు. శనివారం రద్దీలో అడిగితే ఎవరూ పలకరు, మంగళవారం మధ్యాహ్నం వెళ్లండి.

స్లైడర్ తయారుచేసిన వాళ్లు అంకె ఇస్తే అది దేనికో చూడండి. ఇంజన్ మౌంటు బోల్టుకా, గుబ్బను పట్టే చిన్న బోల్టుకా? రెండూ వేరు. ఒకతను ఈ రెండూ తారుమారు చేసుకుని గుబ్బ బోల్టును ఇంజన్ మౌంటు అంకెకు బిగించి తల తెంచేశాడు. మౌంటు బోల్టుకు బండి కంపెనీ అంకె ఒకటి, స్లైడర్ వాళ్ల అంకె ఒకటి ఉండి అవి పొసగకపోతే, బోల్టు సైజు, మర, నూనె షరతు ఒకటేనా అని చూడండి. ఒకటే అయితే తక్కువ దానివైపు వెళ్లండి.

ఇక కొలతల గొడవ. మన మాన్యువళ్లలో న్యూటన్ మీటర్లు ఉంటాయి, దీన్ని ఎన్ఎం అంటారు. పాత పుస్తకాల్లో కేజీఎఫ్ మీటర్లు. అమెరికా వీడియోల్లో అడుగు పౌండ్లు. ఒక కేజీఎఫ్ మీటరు 9.81 ఎన్ఎం, ఒక అడుగు పౌండు 1.356 ఎన్ఎం. వీడియోలో 'ఫార్టీ' అని విని మీరు 40 ఎన్ఎం పెట్టారనుకోండి, ఆయన చెప్పింది 54. ఇది తిరగబడితే ఇంకా ప్రమాదం, 50 ఎన్ఎం పెట్టాల్సిన చోట టార్క్ రెంచి, అంటే పెట్టిన అంకె రాగానే టక్కుమనే పానా, దాని మీద అడుగు పౌండ్ల గీతల వరుసలో 50 పెడితే 68 పడుతుంది. చాలా రెంచీల మీద రెండు వరుసలూ పక్కపక్కనే ఉంటాయి, అక్షరాలు చీమ తలకాయంత. కళ్లజోడు పెట్టుకోండి, సిగ్గేం లేదు.

రెండో మెట్టు: పాత బోల్టును, కొత్త బోల్టును పక్కపక్కన పెట్టండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం నేను ఇక్కడే గడుపుతా, మీరూ గడపండి.

మొదట మర పిచ్, అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం, మి.మీ.లలో. జపాన్ పద్ధతిలో తయారైన బండ్లకు, వాటి దారిలో నడిచిన మన బండ్లకు 10 మి.మీ. మందమున్న ఎం10 బోల్టు అంటే ఎక్కువగా 1.25 పిచ్. హార్డ్‌వేర్ షాపుకెళ్లి "ఎం10 ఇవ్వన్నా" అంటే ఆయన ఇచ్చేది 1.5 పిచ్, బయట మామూలుగా అమ్ముడయ్యేది అదే. రెండూ చేతిలో ఒకేలా ఉంటాయి. మొదటి ఒకటి రెండు చుట్లు దిగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, "తుప్పు పట్టిందేమో" అని పానా వేసి తిప్పుతారు, అంతటితో మర గోవిందా. పాత బోల్టు, కొత్త బోల్టు మరలను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టండి. పళ్లలో పళ్లు కూర్చుని మధ్యలో వెలుతురు రాకపోతే పిచ్ ఒకటే. స్కేలుతో కొలిచినా సరే, పది మరలకు 12.5 మి.మీ. వస్తే 1.25, 15 మి.మీ. వస్తే 1.5. ఎం8కు ఈ బాధ తక్కువ, దానికి మామూలు పిచ్చే 1.25.

తర్వాత బోల్టు తల మీద అంకె. 8.8 అంటే తెగడానికి సుమారు 800 మెగాపాస్కళ్లు, అంటే చదరపు మి.మీ.కు 800 న్యూటన్ల లాగుడు, అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9కు సుమారు వెయ్యి, 90 శాతం. 12.9కు 1200, 90 శాతం. పాత బోల్టు మీద 10.9 ఉండి స్లైడర్ బోల్టు మీద 8.8 ఉంటే, పాత బోల్టుకు రాసిన టార్కు కొత్తదానికి ఎక్కువ కావచ్చు. తల మీద అసలు ఏ అంకే లేకపోతే ఆ బోల్టును మేకలు కట్టే గుంజకు వాడుకోండి, ఇంజనుకు వద్దు.

మెరిసే స్టీలు బోల్టుల గురించి ఒక మాట. మైపాడు వైపో కొత్తపట్నం వైపో సముద్రం దగ్గర ఉండేవాళ్లు తుప్పు బాధకు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయిస్తుంటారు. ఉప్పు గాలికి ఆరు నెలల్లో ఇనుము ఎట్టా అవుతుందో తెలుసు కాబట్టి వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఏ2-70 అని రాసిన ఆ బోల్టు 8.8 కన్నా కూడా మెత్తన, శాశ్వతంగా సాగడం 450 మెగాపాస్కళ్ల దగ్గరే మొదలవుతుంది. పైగా స్టీలు మీద స్టీలు రుద్దుకుంటే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అప్పుడు ముందుకూ రాదు వెనక్కీ పోదు. నంబరు ప్లేటుకు వాడండి. ఇంజన్ మౌంటుకు జింకు పూత ఉన్న 8.8 లేదా 10.9 వేసి, మరకు కాకుండా బయటికి కనబడే భాగానికి గ్రీజు పూసుకోవడం మేలు.

దీనికి వ్యతిరేక దిక్కులో, "12.9 వేస్తే తిరుగుండదు" అనే బ్యాచ్ ఉంది. నల్లటి అలెన్ బోల్టులు చాలావరకు అవే. స్లైడర్ బోల్టు మీద దెబ్బ అడ్డంగా పడుతుంది, అంటే అది వంగాలి. మరీ గట్టి ఉక్కు వంగకుండా పుటుక్కున తెగే రకం. ఒకవేళ తెగకపోతే ఆ దెబ్బ మొత్తం ఫ్రేముకు చేరుతుంది. రెండు మూడు వందల బోల్టు వంగితే నాకు సంతోషం, ఫ్రేము వంగితే కాదు. కంపెనీ బోల్టు ఏ తరగతో అదే తరగతి వేయండి.

ఆఖరున పొడవు. అల్యూమినియంలోకి దిగే బోల్టు దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి పోవాలి, ఉక్కులో అయితే ఒక రెట్టు చాలు. ఎం10కు అల్యూమినియంలో 15 మి.మీ. అన్నమాట. కొలవడం తేలిక. స్పేసరు, బ్రాకెట్టు అన్నీ పెట్టి బోల్టును వేళ్లతోనే తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. 1.25 పిచ్‌కు పన్నెండు చుట్లు తిరిగితే 15 మి.మీ. దిగినట్టు. ఆరు చుట్లకే తల ఆనుకుంటే స్పేసరు పొడుగైంది, టార్కు సంగతి తర్వాత, ముందు దాన్ని వెనక్కి పంపండి. మూసి ఉన్న కన్నమైతే ఇంకో మోసం ఉంది, బోల్టు మరీ పొడుగై కన్నం అడుక్కు తగిలి ఆగిపోతుంది. రెంచి టక్కుమంటుంది, అంకె సరిగ్గా పడ్డట్టే ఉంటుంది, కానీ తల కింద వాషరు చేత్తో తిరుగుతుంటుంది. వాషరు తిప్పి చూడడం అలవాటు చేసుకోండి.

మూడో మెట్టు: తడి మరా, పొడి మరా

ఇక్కడ లెక్క తప్పదు, అయినా ఎనిమిదో తరగతి లెక్కే. టార్కు = గుణకం × బోల్టు వ్యాసం × నొక్కుడు. గుణకం రాపిడిని బట్టి మారే అంకె. వ్యాసం మీటర్లలో వేయాలి. శుభ్రంగా, పొడిగా ఉన్న మరకు గుణకం సుమారు 0.2, నూనె రాస్తే సుమారు 0.15.

ఎం10 బోల్టు, 50 ఎన్ఎం అనుకుందాం. పొడి మరకు 50 ÷ (0.2 × 0.01) చేస్తే 25 వేల న్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల నొక్కుడు. అదే 50 నూనె రాసిన మరకు పెడితే 33 వేల న్యూటన్లు దాటుతుంది. 8.8 తరగతి ఎం10×1.25 బోల్టు శాశ్వతంగా సాగకుండా మోయగలిగేది 35 వేల చిల్లర. అంటే మీరు చేసిందల్లా రెండు చుక్కల నూనె వేయడం, బోల్టు మాత్రం అంచు దాకా వెళ్లి కూర్చుంది. బోల్టు ఎట్టాగో తట్టుకున్నా, లోపలి అల్యూమినియం మర తట్టుకుంటుందని హామీ లేదు. నా బండికి ఆ రోజు షాపులో పైపు ఊపుతో పాటు మరకు గ్రీజు కూడా దట్టంగా పూశారు, రెండూ కలిసి పని పూర్తిచేశాయి.

తుప్పు, ఇసుక ఉన్న మర దీనికి ఉల్టా. గుణకం 0.3 దాకా పోతే అదే 50 ఎన్ఎంకు నొక్కుడు 17 వేల లోపే. టక్ వినబడింది కదా అని మీరు నిశ్చింతగా ఉంటారు, బోల్టు లోపల వదులుగా ఉంటుంది. కాబట్టి మరను వైరు బ్రష్షుతో, థిన్నరుతో తుడిచి, పాత జిగురు ముక్కలు గీకేసి, గాలి కొట్టి, ఆ తర్వాతే రెంచి పట్టుకోండి.

మాన్యువల్ ఏమీ చెప్పకపోతే అంకె శుభ్రమైన పొడి మరకని అనుకుని పని చేయండి. మీరు సొంతంగా గ్రీజో, మర పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్టో రాస్తుంటే అంకెలో నాలుగో వంతు తగ్గించండి, 50 ఉంటే 37, 38. నూనె రాయమని మాన్యువలే చెబితే తగ్గించవద్దు, ఆ తగ్గింపు వాళ్లే చేసి రాశారు. నీలం రంగు మధ్యస్థ లాకింగ్ జిగురు తడిగా ఉన్నప్పుడు కాస్త జారుతుంది. దాని సీసా మీద రాసింది చదవండి, ఒకటి రెండు చుక్కలు చాలు, పాయసంలో నెయ్యిలా పోయవద్దు. ఎర్ర రంగుది మాత్రం ఇక్కడ వాడకండి, తర్వాత విప్పాలంటే వేడిపెట్టాల్సి వస్తుంది.

మాన్యువల్ అసలు దొరకనప్పుడు? బయట దొరికే మామూలు చార్టుల్లో 8.8 బోల్టులకు ఉజ్జాయింపుగా ఎం8కు 25, ఎం10కు 50, ఎం12కు 85 ఎన్ఎం ఉంటాయి. 10.9కు 35, 70, 120. ఆ అంకెలు బోల్టును చూసి రాసినవి, ఎదురుగా దానికి తగ్గ ఉక్కు నట్టు ఉందనుకుని రాసినవి. మీ బోల్టు అటువైపు ఉక్కు నట్టులోకి పోతుంటే వాటిని పైహద్దుగా వాడుకోవచ్చు. ఇంజన్ హెడ్డులోకో కేసులోకో, అంటే అల్యూమినియంలోకి దిగుతుంటే, 10.9 వరుసను చూడనే చూడకండి, 8.8 వరుసనూ నమ్ముకోకండి, ఆ బండి మాన్యువల్ సంపాదించేదాకా గుబ్బలు అలమరలోనే ఉండనివ్వండి.

నాలుగో మెట్టు: రెంచి

క్లిక్ రకం టార్క్ రెంచి స్లైడర్ల జత ధరకు అటూ ఇటూగా దొరుకుతుంది. ఒకటే కొనాలంటే పెద్ద లారీ సైజుకు పోకండి. 28 నుంచి 210 ఎన్ఎం దాకా ఉండే అరంగుళం రెంచిలో 30 పెడితే అది అడుగున పనిచేస్తున్నట్టు, అక్కడ దాని మాట నమ్మలేం. మీ అంకె రెంచి పరిధికి మధ్యలో పడాలి. మోటార్ సైకిలు పనికి 20 నుంచి 100 దాకా కొలిచేది సుఖం.

వాడేటప్పుడు పిడి మధ్యలో పట్టుకోవాలి, నెమ్మదిగా ఒకే లాగుడుగా లాగాలి, ఒక్క క్లిక్ రాగానే ఆపాలి. మనవాళ్లు టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టిస్తారు, ప్రతి టక్కుకూ ఇంకాస్త తిరుగుతుంది. విప్పడానికి ఆ రెంచిని వాడకండి. పని అయ్యాక దాన్ని కనిష్ఠ గీతకు తిప్పి దాచండి. నిటారుగా ఉండే ఎక్స్‌టెన్షన్ రాడ్డు వల్ల అంకె మారదు. రెంచి వరుసలోనే ముందుకు పొడిగించే అడాప్టరు పెడితే మాత్రం మారుతుంది, 40 సెంటీమీటర్ల రెంచికి 5 సెంటీమీటర్లు ముందు కలిస్తే 50 కోసం 44 దగ్గర పెట్టాలి.

రెంచి లేదా? అయినా మార్గం ఉంది, నేను మొదట ఇట్టాగే చేశా. చేపల మార్కెట్లో వేలాడదీసే తూకం చూశారుగా, అట్టాంటిదే ఇంట్లో సూట్‌కేసు తూచడానికి వాడే డిజిటల్ కొక్కెం తూకం. పానా మీద బోల్టు మధ్య నుంచి సరిగ్గా 25 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కొక్కెం తగిలించి, పానాకు లంబంగా లాగండి. తూకం 20.4 కిలోలు చూపిస్తే అది 50 ఎన్ఎం. 16.3 చూపిస్తే 40. పక్కకు ఏటవాలుగా లాగితే లెక్క తప్పుతుంది, ఒకరు లాగితే ఇంకొకరు తూకం చదవాలి. మా తమ్ముడు చదివాడు, వాడు చదివేలోపు నేను రెండు కిలోలు ఎక్కువ లాగా, అందుకే హద్దుకు కొంచెం కిందే ఆగడం మంచిది. పైపు తొడిగి ఊపేదానికన్నా ఇది వందరెట్లు నయం.

ఒక నిజం చెప్పాలి. ఎంత మంచి రెంచి వాడినా రాపిడి తేడాల వల్ల అసలు నొక్కుడు పాతిక శాతం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి 48 పెట్టాలా 50 పెట్టాలా అని తల పట్టుకోకండి. మర శుభ్రంగా ఉందా, నూనె ఉందా లేదా, ఎన్ని చుట్లు దిగింది, వీటికి పెట్టే శ్రద్ధే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

అయిదో మెట్టు: బిగించడం

ఇంజను చల్లగా ఉన్నప్పుడే. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, వేడి ఇంజను మీద పెట్టిన బిగువు చల్లారాక అదే ఉండదు. మే నెలలో మన నెల్లూరు, ఒంగోలు ఎండకు బయట నిలబెట్టిన బండి కూడా వేడి బండే, తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టండి.

బండిని మెయిన్ స్టాండు మీదో ప్యాడక్ స్టాండు మీదో నిలబెట్టి, ఇంజను కింద చెక్క ముక్క పెట్టి జాకీతో బరువు ఆనీ ఆననట్టు ఆనించండి. సైలెన్సర్ పైపు మీద, ఆయిల్ ఫిల్టర్ మీద జాకీ పడకూడదు. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు బోల్టు ముట్టుకోవాలి, రెండూ ఒకేసారి తీస్తే ఇంజను కొద్దిగా కుంగి కన్నాలు కలవవు, అప్పుడు బోల్టును సుత్తితో కొట్టాలనిపిస్తుంది, అక్కడ మొదలవుతుంది నాశనం. అటు నుంచి ఇటు పోయే పొడుగు రాడ్డు బోల్టయితే కొత్తదాంతోనే పాతదాన్ని నెట్టుకుంటూ వెళ్లండి.

మొదటి అయిదారు చుట్లు వేళ్లతోనే. వేళ్లతో పోకపోతే పానా పెట్టడం కాదు, వెనక్కి తీసి చూడడం. తర్వాత సగం అంకెకు ఒకసారి, పూర్తి అంకెకు ఒకసారి. నట్టున్న బోల్టయితే తల పట్టుకుని నట్టు తిప్పండి. నైలాన్ వలయం ఉన్న నట్టయితే కొత్తది వేయండి. చార్టు చూసి అంకె తీసుకుంటే, ఆ నట్టు ఊరికే తిరగడానికి పట్టే బలాన్ని కూడా దానికి కలపాలి.

బిగిస్తున్నంత సేపూ చేతికి ఒక సంగతి తెలుస్తూ ఉండాలి, తిప్పేకొద్దీ బరువు పెరగాలి. తిరుగుతోంది కానీ బరువు పెరగడం లేదు, గట్టి చపాతీ పిండిలో పానా తిరుగుతున్నట్టుంది అంటే వెంటనే ఆపండి. బోల్టు సాగుతోందో మర ఊడుతోందో, రెండూ చెడే. క్లిక్ కోసం ఎదురుచూడొద్దు, అది రాదు.

గుబ్బ సంగతి. మంచి గుబ్బ మధ్యలో అల్యూమినియందో ఉక్కుదో గొట్టం ఉంటుంది, బోల్టు తల ఆ గొట్టం మీద ఆనుతుంది. అప్పుడు బిగువు లోహం మీదే పడుతుంది, గుబ్బ బోల్టును దాని సైజుకు తగ్గ అంకెకు బిగించుకోవచ్చు. చవక గుబ్బల్లో గొట్టం ఉండదు, వాషరు ప్లాస్టిక్ మీదే కూర్చుంటుంది. నైలానైనా డెల్రినైనా ఒత్తిడి కింద నెమ్మదిగా జరిగిపోయే గుణం ఉంది, ఈ రోజు 25 ఎన్ఎం పెట్టినా కొన్నాళ్లకు బిగువు తగ్గిపోతుంది, మళ్లీ బిగిస్తారు, మళ్లీ జరుగుతుంది. సింగరాయకొండకూ కావలికీ మధ్య హైవే మీద నా స్నేహితుడి గుబ్బ ఊడి ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు, వెనకాల లారీ ఉండి ఉంటే ఆ సంగతి ఇంత తేలిగ్గా చెప్పుకునేవాళ్లం కాదు. కొనేముందే కన్నంలో వేలు పెట్టి చూడండి, గొట్టం తగలకపోతే వద్దనండి.

బిగించాక

బోల్టు తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి ఒక గీత గీయండి. పెయింట్ పెన్ను లేకపోతే ఇంట్లో నెయిల్ పాలిష్ ఉంటుంది, అడిగి తీసుకోండి, అడక్కుండా తీసుకుంటే వేరే టార్కు తగులుతుంది. గీత చీలిందంటే బోల్టు తిరిగినట్టు. ఫ్రేము పెయింటు, బ్రాకెట్టు పౌడర్ కోటింగు మొదట్లో కొద్దిగా నలిగి బిగువు దిగుతుంది కాబట్టి వంద కిలోమీటర్ల తర్వాత, ఇంజను చల్లారాక, అదే అంకెకు రెంచి పెట్టి చూడండి. కదలకుండా క్లిక్ మంటే సరి. లాకింగ్ జిగురు వేసిన బోల్టుకు మాత్రం ఈ పరీక్ష చేయకండి, కదిపితే ఆరిన జిగురు పగులుతుంది. దానికి గీత చూసుకోవడమే.

కోతల కాలంలో కోవూరు, బుచ్చి వైపు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద బ్రేకు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అట్టా ఒకసారి పడ్డాక గుబ్బ మీద గీతలు పడ్డాయి, అంతకుమించి ఏం కాలేదని బోల్టును వదిలేయకండి. విప్పి వంటగదిలో గ్రానైట్ గట్టు మీద దొర్లించండి. మన చీమకుర్తి రాయి అద్దంలా చదునుగా ఉంటుంది, బోల్టు ఏ కాస్త వంగినా దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది, కింద వెలుతురు కనబడుతుంది. తర్వాత కొత్త బోల్టు మరకు ఆనించి చూడండి, మొదట కలిసిన పళ్లు చివరికొచ్చేసరికి కలవకపోతే బోల్టు సాగిపోయింది. వంగినదాన్ని సుత్తితో సరిచేసి మళ్లీ వేసేవాళ్లను చూశా. నేనైతే ఆ బోల్టును పాత సామాన్ల బండికి వేస్తా, లోపలి గొట్టం నలగకుండా ఉంటే గుబ్బను గీతలతోనే మళ్లీ వాడుకుంటా.